పైథాన్‌తో డెస్క్‌టాప్ అప్లికేషన్లు: తరచుగా అడిగే ప్రశ్నలు

మా బాబాయి హార్డ్‌వేర్ షాపుకి బిల్లింగ్ అప్లికేషన్ రాసిచ్చిన దగ్గర్నుంచి ఇవే ప్రశ్నలు నా దగ్గరికి వస్తున్నాయి. ఇంజనీరింగ్ చదివే పిల్లలు ప్రాజెక్టు కోసం అడుగుతారు, ఉద్యోగంలో కొత్తగా చేరినవాళ్లు అడుగుతారు, తమ షాపుకో స్కూలుకో చిన్న సాఫ్ట్‌వేర్ రాసుకుంటున్నవాళ్లు అడుగుతారు. ఒక్కొక్కరికీ విడిగా చెప్పేకంటే అన్నీ ఒకచోట రాసి పెడదామనిపించింది. మన ల్యాప్‌టాప్‌లో విండో తెరుచుకుంటే సగం పనే అయినట్టు. ఆ అప్లికేషన్‌ని రోజంతా వాడే మనిషి దగ్గర అది నిలబడాలి. నా జవాబులన్నీ ఆ మనిషిని కళ్ల ముందు పెట్టుకుని రాసినవే.

టికింటర్, పైక్యూటీ, పైసైడ్, డబ్ల్యూఎక్స్‌పైథాన్, కివీ... ఇన్ని ఉన్నాయి. ఏది నేర్చుకోవాలి?

ఇవన్నీ పైథాన్‌లో విండోలు, బటన్లు చేసిపెట్టే లైబ్రరీలు. ఇప్పుడే మొదలుపెడుతుంటే టికింటర్. పైథాన్‌తో పాటే వస్తుంది, చాలాచోట్ల విడిగా ఏదీ దించుకోనక్కర్లేదు. దీని వెనకున్న టీకే చాలా పాతది. అమెరికాలో బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో ఉన్నప్పుడు జాన్ ఔస్టర్‌హౌట్ టికిల్ అనే భాషనీ, దానికి తోడుగా టీకేనీ తయారుచేశారు. పైథాన్‌తో వచ్చే ఐడిల్ ఎడిటర్ కూడా టికింటర్‌లో రాసిందే. కాబట్టి "దీంతో నిజమైన అప్లికేషన్ రాయగలమా" అనే అనుమానం అక్కర్లేదు.

టేబుల్స్, ప్రింటింగ్, చార్టులు, తెలుగు అక్షరాలు, ఇవన్నీ ఒకే అప్లికేషన్‌లో కావాలంటే క్యూటీ అనే లైబ్రరీకి వెళ్లండి. పైక్యూటీ, పైసైడ్ రెండూ దాని మీద కట్టినవే. నేర్చుకోవడానికి ఎక్కువ రోజులు పడుతుంది, పెట్టిన శ్రమ ఎక్కడికీ పోదు. డబ్ల్యూఎక్స్‌పైథాన్ అయితే విండోస్‌లో విండోస్ బటన్లనే, మ్యాక్‌లో మ్యాక్ బటన్లనే చూపిస్తుంది. మంచిదే, కానీ చిక్కొచ్చినప్పుడు సాయం చేసేవాళ్లు తక్కువమంది దొరుకుతారు. కివీ టచ్ స్క్రీన్ల కోసం పుట్టింది. ఫోన్‌లో కూడా నడవాలంటే తప్ప షాపు కౌంటర్ పనికి నేను దాన్ని ఎంచుకోను.

అంతా వెబ్ అయిపోయింది కదా, ఇంకా డెస్క్‌టాప్ ఎందుకు?

మా బాబాయి షాపులో నెట్ వారానికి రెండుసార్లైనా పోతుంది. బిల్లింగ్ అందుకోసం ఆగదు. బార్‌కోడ్ స్కానర్, థర్మల్ ప్రింటర్, తూకం మిషన్ లాంటివాటితో నేరుగా మాట్లాడాలన్నా డెస్క్‌టాప్ అప్లికేషన్‌కి దారి దగ్గర. లెక్కలన్నీ తన కంప్యూటర్‌లోనే ఉండాలనుకునే యజమానులూ చాలామంది ఉన్నారు. వాళ్ల కోరికలో తప్పేమీ లేదు.

పైక్యూటీకీ పైసైడ్‌కీ తేడా ఏంటి? రాసిన అప్లికేషన్ అమ్ముకోవచ్చా?

కోడ్ దాదాపు ఒకేలా ఉంటుంది, తేడా లైసెన్సులో. పైక్యూటీని రివర్‌బ్యాంక్ కంప్యూటింగ్ అనే సంస్థ ఇస్తుంది. దాన్ని జీపీఎల్ అనే ఓపెన్ సోర్స్ లైసెన్సు కింద వాడాలి, లేదంటే డబ్బు కట్టి కమర్షియల్ లైసెన్సు తీసుకోవాలి. జీపీఎల్ కింద వాడి మీ అప్లికేషన్‌ని ఎవరికైనా ఇస్తే, వాళ్లకి సోర్స్ కోడ్ కూడా అదే లైసెన్సుతో అందుబాటులో ఉంచాలి. పైసైడ్‌ని 2009లో నోకియా మొదలుపెట్టింది, ఇప్పుడు క్యూటీ కంపెనీయే నడుపుతోంది. అది ఎల్‌జీపీఎల్ కింద దొరుకుతుంది. ఆ లైసెన్సు షరతులు పాటిస్తే మీ సొంత కోడ్ బయటపెట్టనక్కర్లేదు. అమ్ముదామనే ఆలోచన ఏమాత్రం ఉన్నా మొదటి రోజే పైసైడ్6తో మొదలుపెట్టండి. అప్లికేషన్ పూర్తయ్యాక లైసెన్సు గుర్తొస్తే అప్పుడు టెన్షన్.

పాత పాఠాలు చూసి రాసేవాళ్లకి ఒక మాట. క్యూటీ5 కాలంలో అప్లికేషన్‌ని నడిపించే ఎగ్జెక్ అనే ఫంక్షన్ పేరు చివర అండర్‌స్కోర్ పెట్టేవాళ్లు. పైక్యూటీ6లో అది తీసేశారు, అండర్‌స్కోర్ లేకుండా రాయాలి. చాలామందికి వచ్చే మొదటి ఎర్రర్ ఇదే.

పిప్‌తో ఇన్‌స్టాల్ చేశాను. అయినా మాడ్యూల్ లేదంటోంది. ఎందుకు?

పదిసార్లలో తొమ్మిదిసార్లు మీ కంప్యూటర్‌లో రెండు పైథాన్‌లు ఉంటాయి. లైబ్రరీలు దించిపెట్టే పిప్ ఒకదాంట్లో పెట్టింది, మీ ఎడిటర్ ఇంకోదాన్ని నడుపుతోంది. ప్రోగ్రామ్ మొదట్లో సిస్ మాడ్యూల్‌లోని ఎగ్జిక్యూటబుల్ విలువ ప్రింట్ చేయండి. ఏ పైథాన్ నడుస్తోందో దారితో సహా చెబుతుంది. తర్వాత ఆ పైథాన్ పేరుతోనే, హైఫన్ ఎమ్ పెట్టి, పిప్‌ని పిలవండి. ప్రాజెక్టుకో వర్చువల్ ఎన్విరాన్‌మెంట్, అంటే దాని లైబ్రరీలకి విడిగా ఒక ఫోల్డర్, పెట్టుకుంటే ఈ గొడవే ఉండదు.

టికింటర్‌ని మాత్రం పిప్‌తో తెచ్చుకోలేం. ఉబుంటులో అండర్‌స్కోర్ టికింటర్ దొరకలేదని వస్తే, పైథాన్3-టీకే అనే ప్యాకేజీని ఆప్ట్‌తో ఇన్‌స్టాల్ చేయాలి. విండోస్‌లో అయితే పైథాన్ ఇన్‌స్టాలర్‌ని మళ్లీ తెరిచి, మాడిఫై నొక్కి, టికిల్-టీకే దగ్గర టిక్ ఉందో లేదో చూడండి. ఇంకొకటి, మీ ఫైలుకి టికింటర్ అనే పేరే పెట్టారేమో చూసుకోండి. అలా పెడితే పైథాన్ అసలు టికింటర్‌ని వదిలేసి మీ ఫైలునే తెచ్చుకుంటుంది. ఒకమ్మాయి రెండు రోజులు దీనితోనే అవస్థపడింది. ఫైలు పేరు మార్చగానే అంతా సరిపోయింది.

బటన్ నొక్కకముందే ఫంక్షన్ నడిచిపోతోంది. నొక్కితే ఏమీ జరగడం లేదు.

కమాండ్ దగ్గర ఫంక్షన్ పేరు పక్కన బ్రాకెట్లు పెట్టారు. బ్రాకెట్లు పెడితే అప్పటికప్పుడే పిలిచేసి, అది తిరిగిచ్చిన ఖాళీ విలువని బటన్‌కి కట్టినట్టు. పేరు మాత్రమే ఇవ్వండి. విలువ కూడా పంపాలంటే లాంబ్డా, అంటే పేరులేని చిన్న ఫంక్షన్, వాడండి.

లూప్‌లో పది బటన్లు చేసి లాంబ్డా పెడితే పదీ చివరి నంబరే చూపిస్తాయి. లాంబ్డా ఆ వేరియబుల్‌ని నొక్కినప్పుడు చూస్తుంది, రాసినప్పుడు కాదు. లాంబ్డాలోనే ఐ ఈక్వల్స్ ఐ అని డిఫాల్ట్ విలువగా పట్టుకుంటే ఏ బటన్ నంబరు దానికే ఉంటుంది. క్యూటీలో అయితే బటన్ క్లిక్డ్ సిగ్నల్ తనతోపాటు ఒక ఫాల్స్‌ని కూడా పంపుతుంది. అది మీ ఐలోకి వచ్చి కూర్చోకుండా లాంబ్డాకి మొదటి పారామీటర్‌గా చెక్డ్ అని ఇంకోటి పెట్టండి.

దీనికి దగ్గర బంధువు నన్‌టైప్ ఎర్రర్. ఎంట్రీ పెట్టె చేసి అదే లైన్లో, దాన్ని విండోలో అమర్చే గ్రిడ్ కూడా పిలిచి వేరియబుల్‌లో దాచుకుంటారు. గ్రిడ్ ఏమీ తిరిగివ్వదు, అందుకని వేరియబుల్‌లో నన్ మిగులుతుంది. రెండు లైన్లుగా విడగొట్టండి, చాలు.

ప్యాక్ వాడాలా, గ్రిడ్ వాడాలా?

రెండూ టికింటర్‌లో పెట్టెల్ని విండోలో అమర్చే పద్ధతులే. ఫారం లాంటివాటికి గ్రిడ్. ఒకే ఫ్రేమ్‌లో రెండూ కలపొద్దు, టీకే ఒప్పుకోదు. వేర్వేరు ఫ్రేముల్లో వేర్వేరుగా వాడుకోవచ్చు. విండో పెద్దది చేసినా లోపలివి పెరగడం లేదంటే కాలమ్‌కీ రోకీ వెయిట్ ఇవ్వడం మర్చిపోయారని.

బటన్ నొక్కగానే విండో బిగుసుకుపోయి "నాట్ రెస్పాండింగ్" అంటోంది.

ఈ ఒక్కటి అర్థమైతే డెస్క్‌టాప్ ప్రోగ్రామింగ్‌లో సగం వచ్చేసినట్టే. అందుకే కాస్త వివరంగా చెబుతాను.

మెయిన్‌లూప్ అని చివర రాస్తాం కదా, అది ఆగకుండా తిరిగే చక్రం. మౌస్ కదిలిందా, కీ నొక్కారా, ఈ బటన్‌ని మళ్లీ గీయాలా అని ఒక్కొక్కటీ చూసుకుంటూ పోతుంది. మీరు బటన్‌కి కట్టిన ఫంక్షన్ కూడా ఆ చక్రం లోపలే నడుస్తుంది. ఆ ఫంక్షన్ ఐదు సెకన్లు తీసుకుంటే ఐదు సెకన్లూ చక్రం ఆగిపోతుంది. అంతసేపూ విండోని గీసేవాడు లేడు, క్లిక్‌కి జవాబిచ్చేవాడు లేడు. అయితే నొక్కిన క్లిక్కులు ఎక్కడికీ పోవు, వరసలో నిలబడి ఉంటాయి.

బాబాయి షాపులో ఇది కళ్లారా చూశాను. బిల్లు బటన్ నొక్కితే ప్రింటర్‌తో మాట్లాడటానికి మూడు నాలుగు సెకన్లు పట్టేది. కౌంటర్ దగ్గర పని చేసే కుర్రాడు ఒకసారి నొక్కాడు, స్క్రీన్ కదల్లేదు. మళ్లీ నొక్కాడు, ఇంకోసారి నొక్కాడు. ప్రింటర్ ఒకదాని వెనక ఒకటి మూడు బిల్లులు కక్కింది. స్టాకులో ఆరు కిలోల మేకులు తగ్గాల్సింది పద్దెనిమిది కిలోలు తగ్గాయి. ఆ అబ్బాయి భయపడిపోయి నా వంక చూశాడు. తప్పు నాది, నా కోడ్‌ది. ఆ రాత్రే సరిచేశాను.

చేయాల్సింది రెండు పనులు. ఫంక్షన్ మొదటి లైన్లోనే బటన్‌ని డిజేబుల్ చేయండి, పని అయ్యాక తిరిగి ఎనేబుల్ చేయండి. అసలు పనిని వేరే థ్రెడ్‌కి, అంటే అదే ప్రోగ్రామ్‌లో చక్రం పక్కనే విడిగా నడిచే దారికి, అప్పగించండి. ఈ రెండోది లేకుండా మొదటిది ఒక్కటే చేస్తే లాభం లేదు. చక్రం ఆగి ఉన్నంతసేపూ బటన్ మసకబారడం కూడా తెరమీద కనబడదు, క్లిక్కులూ వరసలోనే ఉండిపోతాయి.

చిన్న పనులకి థ్రెడ్ అక్కర్లేదు. గడియారం చూపించడానికి టైమ్ స్లీప్ పెట్టి వైల్ లూప్ రాయకండి. టికింటర్‌లో ఆఫ్టర్ ఉంది, క్యూటీలో క్యూటైమర్ ఉంది. "ఒక సెకను తర్వాత నన్ను పిలువు" అని చెప్పి చక్రానికి దారి వదిలేయండి. కొందరు లూప్ మధ్యలో అప్‌డేట్ పిలిచి గట్టెక్కుతారు. అప్‌డేట్ నడుస్తుండగా ఇంకో క్లిక్ వస్తే అదే ఫంక్షన్ లోపల మళ్లీ అదే ఫంక్షన్ మొదలవుతుంది. ఆ దారి వద్దు.

థ్రెడ్ పెట్టాను. ఇప్పుడు ఒక్కోసారి పనిచేస్తోంది, ఒక్కోసారి క్రాష్ అవుతోంది.

పక్క థ్రెడ్ నుంచి లేబుల్‌నో టేబుల్‌నో ముట్టుకున్నారు. విండోలో కనిపించే దేన్నైనా మెయిన్ థ్రెడ్ మాత్రమే ముట్టుకోవాలి. మీ దగ్గర పదిసార్లు పనిచేసి, చూపించేటప్పుడు పదకొండోసారి పడిపోయేది ఇలాంటిదే. అందుకే దీన్ని పట్టుకోవడం కష్టం.

టికింటర్‌లో ఒక క్యూ పెట్టుకోండి. పని చేసే థ్రెడ్ ఫలితాన్ని క్యూలో పడేస్తుంది. మెయిన్ థ్రెడ్ ఆఫ్టర్‌తో ప్రతి 100 మిల్లీసెకన్లకీ క్యూ చూసి, ఏమైనా ఉంటే లేబుల్ మారుస్తుంది. క్యూటీలో సిగ్నల్స్ ఉన్నాయి. పని చేసే ఆబ్జెక్ట్ సిగ్నల్ పంపితే మెయిన్ విండోలోని స్లాట్ మెయిన్ థ్రెడ్‌లోనే అందుకుంటుంది. క్యూథ్రెడ్‌ని ఫంక్షన్ లోపల లోకల్ వేరియబుల్‌గా మాత్రం ఉంచకండి. ఫంక్షన్ అయిపోగానే పైథాన్ దాన్ని చెరిపేస్తుంది, "థ్రెడ్ ఇంకా నడుస్తుండగానే పోయింది" అనే అర్థంలో ఒక మాట చెప్పి అప్లికేషన్ మొత్తం మూసుకుంటుంది. సెల్ఫ్ మీద దాచుకోండి.

ఒకే ఫైలుగా ఉండే డేటాబేస్ ఎస్‌క్యూలైట్ కనెక్షన్‌కీ ఇలాంటి పట్టింపు ఉంది. ఏ థ్రెడ్‌లో తెరిచారో ఆ థ్రెడ్‌లోనే వాడమంటుంది. ప్రతి థ్రెడ్‌లో విడిగా ఒక కనెక్షన్ తెరుచుకుంటే సరి.

ఫోటో పెట్టాను, జాగా ఖాళీగా ఉంది. ఎర్రర్ కూడా లేదు.

ఇదీ లోకల్ వేరియబుల్ చేసే పనే. ఫంక్షన్ లోపల ఫోటోఇమేజ్ చేసి లేబుల్‌కి ఇచ్చారు. ఫంక్షన్ ముగిశాక పైథాన్‌కి ఆ బొమ్మతో పనిలేదు, తీసేసింది. లేబుల్ మిగిలింది, లోపల బొమ్మ లేదు. సెల్ఫ్ మీదో లేబుల్ మీదో ఒక పేరుతో పట్టుకుని ఉంచండి. క్యూటీలో రెండో విండో ఇలా మెరిసి అలా మాయమయ్యేదీ ఇందుకే. జేపెగ్ ఫైలైతే టికింటర్ ఫోటోఇమేజ్ దాన్ని తెరవలేదు, పిల్లో లైబ్రరీ కావాలి. పీఎన్‌జీకి మాత్రం టీకే 8.6 నుంచి ఏమీ అక్కర్లేదు.

తెలుగు అక్షరాలు విడిపోతున్నాయి. "లక్ష్మి" అని పెడితే ఒత్తులు పక్కన పడుతున్నాయి.

మన భాషలో అప్లికేషన్ రాసేవాళ్లందరికీ ఎదురయ్యే ప్రశ్న ఇది. దీనికి సరైన జవాబు దొరక్క చాలామంది ఇంగ్లిష్‌లోనే కానిచ్చేస్తారు. నాకు అది బాధగా ఉంటుంది, ఎందుకంటే దీనికి దారి ఉంది.

తెరమీద మనకి "లక్ష్మి" రెండు అక్షరాలు. కంప్యూటర్ లోపల అవి ఏడు యూనికోడ్ గుర్తులు: ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి. ఆ ఏడింటినీ కలిపి, క్ష కింద మ ఒత్తు పెట్టి, గుడిని సరైన చోట కూర్చోబెట్టే పనిని షేపింగ్ అంటారు. క్యూటీ ఆ పనికి హార్ఫ్‌బజ్ అనే లైబ్రరీని వాడుతుంది, అందుకే ఏ కంప్యూటర్‌లోనైనా తెలుగు చక్కగా వస్తుంది. టికింటర్ విండోస్‌లోనూ మ్యాక్‌లోనూ ఆ సిస్టమ్ మీద ఆధారపడుతుంది కాబట్టి అక్కడా బాగానే ఉంటుంది. లైనక్స్‌లో టీకే 8.6 షేపింగ్ చేయదు. ఒక్కో గుర్తునీ విడివిడిగా పేరుస్తుంది. ఫాంట్ మార్చినా లాభం లేదు. ఎంతోమంది పది ఫాంట్లు దించుకుని చూసి విసిగిపోతారు. లైనక్స్‌లో తెలుగు కావాలంటే క్యూటీకి మారడమే నేను చెప్పగలిగేది.

అక్షరాల బదులు డబ్బాలు కనబడితే అది వేరే జబ్బు. ఆ ఫాంట్‌లో తెలుగు లేదు. కివీలో ఇది బాగా ఎదురవుతుంది. దాని డిఫాల్ట్ ఫాంట్ రోబోటోలో తెలుగు లేదు, పక్క ఫాంట్ నుంచి తెచ్చుకోవడమూ దానంతట అది చేయదు. విండోస్‌లో గౌతమి చాలాకాలం దానంతట అదే వచ్చేది, విండోస్ 8 నుంచి నిర్మలా యూఐ వస్తోంది. అన్నిచోట్లా ఒకేలా కనబడాలంటే నోటో సాన్స్ తెలుగునో మండలినో అప్లికేషన్‌తోపాటే పంపించి, క్యూటీలో క్యూఫాంట్‌డేటాబేస్ ద్వారా ఎక్కించండి. రెండూ ఉచితంగా పంచుకోదగ్గ లైసెన్సుతోనే ఉన్నాయి.

బిల్లులో పేరు ఇరవై అక్షరాలకి కత్తిరించే అలవాటుంటే మానుకోండి. పైథాన్ గుర్తుల్ని లెక్కపెడుతుంది, కాబట్టి కత్తెర సరిగ్గా పొల్లు దగ్గర పడి పేరు ముక్కలవుతుంది. అక్షరాల లెక్క పక్కన పెట్టి వెడల్పు కొలవండి. క్యూఫాంట్‌మెట్రిక్స్‌లో ఎలైడెడ్‌టెక్స్ట్ ఇందుకే ఉంది.

థర్మల్ ప్రింటర్ మీద తెలుగు ఎలా?

కౌంటర్లలో వాడే చిన్న ప్రింటర్లలో మామూలుగా తెలుగు ఫాంట్ ఉండదు. అక్షరాలుగా పంపితే ప్రశ్నార్థకాలో చెత్తో వస్తుంది. బిల్లు మొత్తాన్ని బొమ్మగా గీసి పంపండి. క్యూఇమేజ్ మీద క్యూపెయింటర్‌తో గీస్తే ఒత్తులు వాటంతటవే కుదురుతాయి. పిల్లోతో గీయాలంటే అందులో రాక్మ్ అనే భాగం పనిచేస్తూ ఉండాలి. పిల్లో ఫీచర్స్‌లోని చెక్‌తో ఉందో లేదో ముందే చూసుకోండి. మొదటిసారి మా ప్రింటర్ మీద "శ్రీ" సరిగ్గా వచ్చినప్పుడు బాబాయి ఆ కాగితం ముక్కని దేవుడి పటం దగ్గర పెట్టాడు.

తెలుగు డేటా సేవ్ చేస్తే ఎర్రర్. ఎక్సెల్‌లో తెరిస్తే పిచ్చి గుర్తులు.

విండోస్‌లో ఓపెన్ ఫంక్షన్‌కి ఎన్‌కోడింగ్ చెప్పకపోతే పైథాన్ ఆ కంప్యూటర్ పాత కోడ్‌పేజీని పట్టుకుంటుంది, అందులో తెలుగు ఉండదు. "చార్‌మ్యాప్" అనే మాటతో వచ్చే ఎర్రర్ ఇదే. ప్రతి ఓపెన్‌లోనూ ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8 అని రాయండి. ఎక్సెల్ కోసం సీఎస్‌వీ రాస్తుంటే యూటీఎఫ్-8-సిగ్ అని రాయండి. ఫైలు మొదట్లో చిన్న గుర్తు చేరుతుంది, దాన్ని చూసి ఎక్సెల్ యూటీఎఫ్-8గా గుర్తుపడుతుంది.

బిల్లు మొత్తంలో పైసలు తేడా వస్తున్నాయి.

డబ్బుని ఫ్లోట్‌లో పెట్టారు. పైథాన్‌లో 0.1కి 0.2 కలిపితే 0.30000000000000004 వస్తుంది. డెసిమల్ మాడ్యూల్ వాడండి, లేదంటే అన్నీ పైసల్లో పూర్ణాంకాలుగా దాచండి. ఇంకో సంగతి, రౌండ్ ఫంక్షన్ 2.5ని 3 చేయదు, 2 చేస్తుంది. సరిగ్గా సగం ఉన్నప్పుడు సరిసంఖ్య వైపు వెళ్లడం దాని పద్ధతి. కౌంటర్ దగ్గర లెక్క వేసే మనిషి పద్ధతి అది కాదు. డెసిమల్‌లో రౌండ్ హాఫ్ అప్ ఎంచుకోండి. 18 శాతం జీఎస్‌టీని 9, 9గా విడగొట్టేటప్పుడు ఎక్కడ రౌండ్ చేస్తున్నారో ఒకసారి కాగితం మీద వేసి చూసుకోండి.

లక్షల దగ్గర కామా కూడా అడుగుతారు. పైథాన్ సొంతంగా పెట్టే కామా 1,234,567 అని పడుతుంది. బేబెల్ లైబ్రరీకి భారత ఇంగ్లిష్ లొకేల్ ఇస్తే 12,34,567 అని మనవాళ్లు చదివేలా ఇస్తుంది.

ఏ ఎర్రరూ చూపించకుండా అప్లికేషన్ మూసుకుపోతోంది. ఎక్కడ వెతకాలి?

మొదట టెర్మినల్ నుంచి నడపండి. పీవైడబ్ల్యూ ఫైలుకి కన్సోల్ ఉండదు, ఎర్రర్ వచ్చినా కనపడే చోటు లేదు. టికింటర్ బటన్ ఫంక్షన్‌లో ఎర్రర్ వస్తే కన్సోల్‌లో రాసి ముందుకు పోతుంది. కన్సోల్ లేకపోతే బటన్ పనిచేయనట్టే ఉంటుంది. పైక్యూటీ 5.5 నుంచి పద్ధతి వేరు, స్లాట్‌లో పట్టుకోని ఎర్రర్ వస్తే అప్లికేషన్‌నే ఆపేస్తుంది.

నేను ప్రతి అప్లికేషన్‌లోనూ మొదటి రోజే ఒక పని చేస్తాను. టికింటర్‌లో రిపోర్ట్ కాల్‌బ్యాక్ ఎక్సెప్షన్‌ని, క్యూటీలో సిస్ ఎక్సెప్ట్‌హుక్‌ని నా ఫంక్షన్‌తో మార్చుకుంటాను. అది ఎర్రర్ మొత్తాన్ని తేదీ, సమయంతో లాగ్ ఫైల్‌లో రాసి, తెరమీద "ఏదో తేడా జరిగింది, ఈ ఫైలు నాకు పంపండి" అని తెలుగులో చిన్న పెట్టె చూపిస్తుంది. ఫోన్‌లో "ఏదో వచ్చింది, క్లోజ్ చేసేశా" అని విన్నప్పుడల్లా ఆ లాగ్ ఫైలే నన్ను కాపాడింది. ఎక్సెప్ట్ కింద పాస్ అని రాసి ఎర్రర్‌ని మింగేసే అలవాటు మాత్రం ఈ రోజే మానేయండి.

ఈఎక్స్‌ఈ చేశాను. నా దగ్గర నడుస్తోంది, వాళ్ల కంప్యూటర్‌లో నడవట్లేదు.

ఈఎక్స్‌ఈ కట్టిపెట్టే పైఇన్‌స్టాలర్ వాడారనుకుంటాను. మొదట విండోడ్ ఆప్షన్ తీసేసి మళ్లీ కట్టి, వాళ్ల కంప్యూటర్‌లో కమాండ్ ప్రాంప్ట్ నుంచి నడపండి. ఎర్రర్ అక్కడ కనిపిస్తుంది. మాడ్యూల్ లేదంటే హిడెన్ ఇంపోర్ట్‌గా దాని పేరు చేర్చండి. బొమ్మనో ఫాంటో దొరకలేదంటే యాడ్ డేటాతో చేర్చండి. వన్‌ఫైల్‌గా, అంటే అంతా ఒకే ఈఎక్స్‌ఈగా, కట్టినప్పుడు అన్నీ ఒక టెంపరరీ ఫోల్డర్‌లోకి విప్పుకుంటాయి, ఆ ఫోల్డర్ దారి సిస్‌లోని మీపాస్ (_MEIPASS) అనే విలువలో ఉంటుంది.

ఇక్కడే నేను పెద్ద దెబ్బ తిన్నాను. డేటాబేస్ ఫైలుని ప్రోగ్రామ్ ఫైలు పక్కనే పెట్టేలా రాశాను. నా ల్యాప్‌టాప్‌లో బాగానే ఉంది. వన్‌ఫైల్‌గా కట్టి షాపులో పెట్టాను. రోజంతా బిల్లులు కొట్టారు, రాత్రి తొమ్మిదింటికి మూసేశారు. ప్రోగ్రామ్ మూసుకోగానే ఆ టెంపరరీ ఫోల్డర్ చెరిగిపోయింది, దాంతోపాటే డేటాబేస్ కూడా. మర్నాడు పొద్దున బిల్లు నంబరు మళ్లీ 1 నుంచి మొదలైంది. బాబాయి ఒక్క మాట అనకుండా ముందు రోజు బిల్లుల కార్బన్ కాపీలు తీసి 43 బిల్లులూ మళ్లీ ఎక్కించాడు, నేను పక్కన కూర్చుని చదివిపెట్టాను. చదవడానికి మాత్రమే అవసరమైనవి మీపాస్‌లో ఉండొచ్చు. రాసేవి ఏవైనా సరే యాప్‌డేటా ఫోల్డర్‌లో మీ అప్లికేషన్ పేరుతో ఒక ఫోల్డర్ చేసి అక్కడ పెట్టండి. ప్రోగ్రామ్ ఫైల్స్ ఫోల్డర్‌లో మామూలు యూజర్‌కి రాసే హక్కు ఉండదు, అక్కడా పెట్టకండి.

విండోస్ 7 ఇంకా వాడుతున్నారా అని అడగడం మర్చిపోకండి. దాని మీద నడిచే చివరి పైథాన్ 3.8, క్యూటీ6 అసలు నడవదు. వాళ్ల కంప్యూటర్ 32 బిట్ అయితే 32 బిట్ పైథాన్‌తోనే కట్టాలి. లైనక్స్‌లో కూర్చుని విండోస్ ఈఎక్స్‌ఈ కట్టడం పైఇన్‌స్టాలర్‌కి చేతకాదు. మల్టీప్రాసెసింగ్ వాడితే మెయిన్ మొదట్లో ఫ్రీజ్ సపోర్ట్ పిలవండి, లేకపోతే విండోలు ఒకదాని వెనక ఒకటి తెరుచుకుంటూనే ఉంటాయి.

యాంటీవైరస్ నా ఈఎక్స్‌ఈని వైరస్ అంటోంది.

వన్‌ఫైల్ ఈఎక్స్‌ఈ తనని తాను విప్పుకుని నడుస్తుంది, కొన్ని వైరస్‌లు కూడా అదే చేస్తాయి. అందుకే అనుమానం. వన్‌డిర్‌గా ఫోల్డర్ రూపంలో కట్టి ఇవ్వండి. అనుమానమూ తగ్గుతుంది, అప్లికేషన్ కూడా త్వరగా తెరుచుకుంటుంది. యాంటీవైరస్ ఆపేయమని మాత్రం వాడేవాళ్లకి ఎప్పుడూ చెప్పకండి.

అక్షరాలు మసకగా ఉన్నాయి.

విండోస్‌లో స్కేల్ 125 శాతమో 150 శాతమో ఉంది, టికింటర్ విండోని విండోస్ సాగదీస్తోంది. సీటైప్స్ ద్వారా షెల్‌కోర్‌లోని సెట్ ప్రాసెస్ డీపీఐ అవేర్‌నెస్‌ని 1 ఇచ్చి పిలవండి. విండో తయారుకాక ముందే పిలవాలి. క్యూటీ6లో ఈ పని అక్కర్లేదు.

లైనక్స్‌లో "ఎక్స్‌సీబీ ప్లగిన్ లోడ్ కాలేదు" అంటోంది.

క్యూటీ 6.5 నుంచి లిబ్‌ఎక్స్‌సీబీ-కర్సర్0 ప్యాకేజీ కావాలి. అది ఉన్నా వస్తుంటే క్యూటీ డీబగ్ ప్లగిన్స్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌ని 1 చేసి నడపండి, ఏ ఫైలు దొరకలేదో పేరుతో సహా చెబుతుంది. ఓపెన్‌సీవీ కూడా వాడుతుంటే అది తనతో వేరే క్యూటీని తెచ్చుకుని గొడవ పెడుతుంది. దాని హెడ్‌లెస్ ప్యాకేజీ పెట్టండి. "డిస్‌ప్లే లేదు" అంటే మాత్రం మీరు తెరలేని సర్వర్‌లోనో కోలాబ్‌లోనో నడుపుతున్నారు.

"డేటాబేస్ లాక్ అయింది" అంటోంది.

ఎక్కడో రాసి కమిట్ చేయడం మర్చిపోయారు, లేదా డేటాబేస్ చూసే టూల్‌లో అదే ఫైలుని మార్చి సేవ్ చేయకుండా వదిలేశారు. రెండు కౌంటర్లకి ఒకే ఎస్‌క్యూలైట్ ఫైలుని నెట్‌వర్క్ ఫోల్డర్‌లో పెట్టి వాడుతుంటే ఇప్పుడే ఆపండి. ఫైలు పాడయ్యే ప్రమాదం ఉంది. అలాంటిచోట పోస్ట్‌గ్రెస్ లాంటి సర్వర్ డేటాబేస్ కావాలి.

అన్నీ పనిచేస్తున్నాయి. అయినా షాపులో వాళ్లు పాత పుస్తకమే వాడుతున్నారు. ఏం చేయాలి?

వెళ్లి ఒక గంట వాళ్ల పక్కన కూర్చోండి. నేను కూర్చున్నప్పుడు గమనించింది ఇది. కుర్రాడి కుడిచేతిలో ఎప్పుడూ సరుకు ఉంటుంది, మౌస్ పట్టుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు. నేనేమో ప్రతి పెట్టెకీ మౌస్‌తో నొక్కాల్సినట్టు రాశాను.

ఎంటర్ కొడితే కర్సర్ తర్వాతి పెట్టెకి వెళ్లేలా చేయండి. టికింటర్‌లో రిటర్న్ కీని బైండ్ చేసి, అందులో తర్వాతి పెట్టె మీద ఫోకస్ సెట్ పిలవాలి. క్యూటీలో రిటర్న్‌ప్రెస్డ్ సిగ్నల్ ఉంది. విండో తెరుచుకోగానే కర్సర్ మొదటి పెట్టెలో ఉండాలి. కొత్త బిల్లుకి ఎఫ్2, ప్రింట్‌కి ఎఫ్9 లాంటివి పెట్టి, ఆ పేర్లు బటన్ మీదే రాయండి. బార్‌కోడ్ స్కానర్ కంప్యూటర్ దృష్టిలో ఒక కీబోర్డే. అంకెలు గబగబా టైపు చేసి, చాలావాటిలో చివర ఎంటర్ కూడా కొడుతుంది. కాబట్టి ఎంటర్‌కి ప్రింట్ కట్టి ఉంటే ఒక్కో వస్తువుకీ ఒక్కో బిల్లు వస్తుంది. ఆ పెట్టెలో ఎంటర్ అంటే "వస్తువు చేర్చు" అని మాత్రమే ఉండాలి.

నేను ఈ మార్పులు చేసి పెట్టిన రోజు సాయంత్రం కుర్రాడు ఎడమచేత్తో ఎంటర్ కొడుతూ, కుడిచేత్తో పైపులు తీసిస్తూ, వరసగా ఆరుగురికి బిల్లులు ఇచ్చాడు. పుస్తకం బల్ల కింద సొరుగులోకి వెళ్లింది.